గోధుమ బీరులో నురుగు నిలకడ

గ్లాసులో పోసిన బీరుపై ఏర్పడిన నురుగు వెంటనే కరిగిపోకుండా కొంతసేపు నిలిచి ఉండే గుణాన్ని నురుగు నిలకడ అంటారు. జర్మనీలోని బవేరియా ప్రాంతానికి చెందిన గోధుమ బీరుకు దట్టమైన, తెల్లని, ఎత్తైన నురుగు ప్రధాన లక్షణం. ఇంటివద్ద తయారుచేసిన గోధుమ బీరులో ఈ నురుగు త్వరగా విరిగిపోవడం తరచుగా ఎదురయ్యే లోపం. గోధుమలో మాంసకృత్తులు ఎక్కువ కనుక గోధుమ పాలు పెంచితే నురుగు నిలుస్తుందనే అభిప్రాయం వ్యాప్తిలో ఉన్నది. కాని లోపం చాలాసార్లు ధాన్యంలో ఉండదు. గ్లాసు శుభ్రతలోనో, సీసాలోని వాయువు పరిమాణంలోనో, కిణ్వన ప్రక్రియలోనో ఉంటుంది. అందువలన గ్లాసు నుండి మొదలుపెట్టి ధాన్యం వరకు ఒక్కొక్క దశనే వెనుకకు పరిశీలిస్తూ పోవడం సరియైన పద్ధతి.

నేపథ్యం

గోధుమ బీరును జర్మను భాషలో వైస్‌బీర్ (తెల్ల బీరు) అనీ, వైట్సెన్‌బీర్ (గోధుమ బీరు) అనీ అంటారు. ఈస్టును వడకట్టకుండా ఉంచిన రకాన్ని హెఫెవైట్సెన్ అంటారు. జర్మను భాషలో "హెఫె" అనగా ఈస్టు. జర్మనీ నిబంధనల ప్రకారం ఇందులో వాడే మాల్టులో కనీసం 50 శాతం గోధుమ మాల్టు ఉండాలి. మిగిలినది సాధారణంగా బార్లీ మాల్టు. ధాన్యాన్ని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టినదే మాల్టు. తెలుగువారి ఇళ్ళలో రాగులను మొలకెత్తించి మాల్టు పిండి చేయడంలో ఉన్న సూత్రమే ఇక్కడ కూడా ఉన్నది.

1516లో బవేరియా పాలకులు జారీచేసిన శాసనం బీరు తయారీలో బార్లీ, హాప్స్, నీరు మాత్రమే వాడాలని నిర్దేశించింది. గోధుమ బీరు తయారీ దీనికి మినహాయింపుగా డెగెన్‌బెర్గ్ ప్రభువంశానికి ప్రత్యేక హక్కుగా ఉండేది. 1602లో ఆ వంశం అంతరించగా హక్కు బవేరియా పాలకుడైన మొదటి మాక్సిమిలియన్ చేతికి వచ్చింది. ఆ తరువాత చాలాకాలం గోధుమ బీరు రాజకుటుంబపు గుత్త వ్యాపారంగా సాగింది. పందొమ్మిదవ శతాబ్దంలో దీనికి ఆదరణ తగ్గిన దశలో, 1872లో జార్జ్ ష్నైడర్ అనే తయారీదారు ఈ హక్కును సంపాదించి మ్యూనిక్‌లో గోధుమ బీరు తయారీని కొనసాగించాడు.

ఈ బీరులో ఆల్కహాలు సాధారణంగా ఘనపరిమాణంలో 4.3 నుండి 5.6 శాతం వరకు ఉంటుంది. చేదు తక్కువ. అరటిపండును, లవంగాన్ని గుర్తుచేసే వాసన దీని ప్రత్యేకత. ఆ వాసన పండ్లు, సుగంధద్రవ్యాలు కలపడం వలన కాక, ప్రత్యేకమైన ఈస్టు వలన వస్తుంది.

తయారీ దశలు

నురుగు ఎక్కడ దెబ్బతింటున్నదో తెలుసుకోవడానికి తయారీ క్రమం తెలిసి ఉండాలి. ముఖ్యమైన దశలు ఇవి:

1. మాషింగ్: పిండి చేసిన మాల్టును వేడినీటిలో నిర్ణీత ఉష్ణోగ్రతల వద్ద నానబెడతారు. మాల్టులోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. ఇలా లభించే తీపి రసాన్ని వర్ట్ అంటారు.
2. వడకట్టుట: గింజల పిప్పి నుండి వర్ట్‌ను వేరుచేస్తారు.
3. మరిగించుట: హాప్స్ పువ్వులను చేర్చి వర్ట్‌ను 60 నుండి 90 నిమిషాలు మరిగిస్తారు.
4. కిణ్వనం: చల్లార్చిన వర్ట్‌కు ఈస్టును చేర్చగా చక్కెర ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడ్ వాయువుగా మారుతుంది.
5. సీసాలలో నింపుట: కొద్దిగా చక్కెర కలిపి మూత బిగిస్తారు. సీసాలో జరిగే రెండవ కిణ్వనం వలన వాయువు బీరులో కరిగి నిలుస్తుంది.

నురుగు ఏర్పడే విధానం

నురుగు ఏర్పడటం, నురుగు నిలవడం రెండు వేర్వేరు విషయాలు. సోడా సీసా తెరిచినప్పుడు బుడగలు పుష్కలంగా వస్తాయి, కాని నురుగు నిలవదు. కుంకుడుకాయ రసాన్ని చేతితో గిలకొడితే వచ్చే నురుగు చాలాసేపు నిలుస్తుంది. సోడాలో వాయువు ఉన్నది కాని బుడగను కప్పి ఉంచే పదార్థం లేదు. కుంకుడు రసంలో ఆ పదార్థం ఉన్నది. మంచి నురుగుకు ఈ రెండూ కావాలి. బీరులో వాయువు ఈస్టు నుండి వస్తుంది. బుడగను కప్పే పదార్థం ప్రధానంగా ధాన్యపు మాంసకృత్తుల నుండి, హాప్స్ చేదు పదార్థాల నుండి వస్తుంది.

కొన్ని మాంసకృత్తుల అణువులలో నీటిని కోరే భాగం, నీటికి దూరంగా ఉండే భాగం రెండూ ఉంటాయి. అటువంటి అణువులు బుడగ ఉపరితలానికి చేరి, ఒక భాగాన్ని ద్రవం వైపు, మరొక భాగాన్ని వాయువు వైపు ఉంచి పలుచని పొరగా ఏర్పడతాయి. బార్లీ బీరులో ఈ పని చేసేవాటిలో లిపిడ్ ట్రాన్స్‌ఫర్ ప్రోటీన్-1 (క్లుప్తంగా ఎల్‌టీపీ1), ప్రోటీన్ జెడ్ అనేవి ముఖ్యమైనవి. గోధుమలో కూడా ఈ తరహా మాంసకృత్తులు ఉన్నాయి. హాప్స్ నుండి వచ్చే ఐసో-ఆల్ఫా ఆమ్లాలు ఈ మాంసకృత్తులను ఒకదానితో ఒకటి పెనవేసి పొరకు బిగువునిస్తాయి. తాగుతున్నకొద్దీ గ్లాసు లోపలి గోడకు నురుగు వలయాలుగా అంటుకొని ఉండటానికి ఈ బిగువే కారణం. గోధుమలోని అరబినోజైలాన్ల వంటి పిండికాని పాలీశాకరైడ్లు ద్రవపు స్నిగ్ధతను, అనగా చిక్కదనాన్ని పెంచి నురుగుకు సాయపడతాయి.

నురుగు కరిగిపోయే విధానం

నురుగు నశించడంలో మూడు ప్రక్రియలు కలిసి పనిచేస్తాయి.

ద్రవం జారిపోవడం: బుడగల మధ్యనున్న ద్రవం గురుత్వాకర్షణ వలన క్రిందికి జారుతుంది. పొరలు పలుచబడతాయి. ద్రవం చిక్కగా ఉంటే ఈ జారుడు నెమ్మదిగా సాగుతుంది.

బుడగలు కలిసిపోవడం: పలుచబడిన పొర చిట్లినప్పుడు రెండు బుడగలు ఒకటవుతాయి. కొవ్వు పదార్థాలు, సబ్బు వంటివి పొరలో చేరితే ఇది ఒక్కసారిగా పెరుగుతుంది.

వాయువు తరలిపోవడం: తలతన్యత వలన చిన్న బుడగ లోపలి పీడనం పెద్ద బుడగ లోపలి పీడనం కంటే ఎక్కువగా ఉంటుంది. అందువలన చిన్న బుడగలలోని వాయువు మధ్యనున్న ద్రవంలో కరిగి పెద్ద బుడగలలోకి చేరుతుంది. చిన్నవి మాయమై పెద్దవి మరింత పెద్దవవుతాయి. బుడగలన్నీ దాదాపు ఒకే పరిమాణంలో ఉంటే ఇది మందగిస్తుంది. కార్బన్ డయాక్సైడ్ నీటిలో నైట్రోజన్ కంటే యాభై రెట్లకు పైగా ఎక్కువగా కరుగుతుంది. నైట్రోజన్ కలిపి అందించే కొన్ని నల్ల బీరుల నురుగు మీగడ వలె చాలాసేపు నిలవడానికి కారణం ఇదే.

నురుగును కొలిచే పద్ధతులు

పరిశ్రమలలో నురుగు నిలకడను కొలవడానికి 1957లో ప్రచురితమైన రూడిన్ పద్ధతి, నెదర్లాండ్సులో రూపొందిన నిబెమ్ పద్ధతి వాడుకలో ఉన్నాయి. నిబెమ్ పద్ధతిలో నురుగు 30 మిల్లీమీటర్లు దిగడానికి పట్టే కాలాన్ని సెకన్లలో కొలుస్తారు.

మ్యూనిక్ విశ్వవిద్యాలయానికి చెందిన భౌతికశాస్త్రవేత్త ఆర్న్డ్ లైకె 2002లో మూడు రకాల బీరుల నురుగు ఎత్తును కాలక్రమంలో కొలిచి, అది ఘాతీయ క్షయ నియమాన్ని అనుసరిస్తుందని చూపాడు. రేడియోధార్మిక పదార్థాల క్షయాన్ని వర్ణించే నియమం కూడా ఇదే కనుక తరగతి గదిలో విద్యార్థులకు దానిని బోధించడానికి ఈ ప్రయోగం ఉపయోగపడింది. దీనికి అదే సంవత్సరం భౌతికశాస్త్ర విభాగంలో ఇగ్ నోబెల్ బహుమతి లభించింది. పరీక్షించిన మూడింటిలో ఎర్డింగర్ అనే గోధుమ బీరు నురుగే ఎక్కువకాలం నిలిచింది. దాని క్షయ స్థిరాంకం సుమారు 276 సెకన్లు. అనగా ప్రతి 276 సెకన్లకు నురుగు అంతకుముందున్న ఎత్తులో సుమారు 37 శాతానికి తగ్గుతుంది. ఈ లెక్కన నురుగు సగానికి తగ్గడానికి పట్టే కాలం 276 × 0.693, అనగా సుమారు 191 సెకన్లు.

ఈ కొలత ఇంటివద్ద కూడా సాధ్యమే. గ్లాసు పక్కన స్కేలు నిలబెట్టి, నురుగు పైఅంచు, క్రిందిఅంచుల మధ్య ఎత్తును ప్రతి 30 సెకన్లకు నమోదు చేయాలి. ఎత్తు సగానికి తగ్గిన సమయాన్ని వ్రాసుకోవాలి. ప్రతిసారి అదే గ్లాసు, అదే ఉష్ణోగ్రత, పోసే ఎత్తు కూడా అదే ఉంటేనే ఫలితాలను పోల్చవచ్చు. "నురుగు బాగుంది", "బాగాలేదు" అనే మాటలకు బదులు ఒక అంకె లభిస్తే, చేసిన మార్పు ఫలించినదో లేదో తెలుస్తుంది.

లోపాన్ని గుర్తించే క్రమం

మొదట నురుగు అసలు రావడం లేదా, లేక వచ్చి నిలవడం లేదా అన్నది తేల్చుకోవాలి. నురుగు తక్కువగా వస్తే వాయువు లోపాన్ని అనుమానించాలి. నురుగు ఎత్తుగా వచ్చి ఒకటి రెండు నిమిషాలలో పడిపోతే వాయువు సరిపోయినదనీ, బుడగ పొర బలహీనంగా ఉన్నదనీ భావించాలి.

తరువాత పోలిక పరీక్ష చేయాలి. ఒకే విధంగా కడిగిన రెండు గ్లాసులు తీసుకొని, ఒకదానిలో ఇంటి బీరును, మరొకదానిలో కర్మాగారంలో తయారైన గోధుమ బీరును ఒకే ఉష్ణోగ్రత వద్ద పోయాలి. రెండింటి నురుగూ పడిపోతే లోపం గ్లాసులో ఉన్నది. ఇంటి బీరు నురుగు మాత్రమే పడిపోతే లోపం బీరులో ఉన్నది.

లోపం బీరులో ఉన్నదని తేలితే మరొక పరీక్ష చేయవచ్చు. కర్మాగారపు బీరులో కొద్దిపాటి ఇంటి బీరును కలిపి పోయాలి. ఆ కొద్దిపాటి కలయికకే నురుగు కూలిపోతే ఇంటి బీరులో కొవ్వు, సబ్బు వంటి నురుగు విరోధి ఉన్నదని సూచన. నురుగు పెద్దగా మారకపోతే ఇంటి బీరులో నురుగునిచ్చే పదార్థాలు తక్కువయ్యాయని సూచన.

గ్లాసు

గ్లాసుకు అంటిన జిడ్డు, కడిగిన తరువాత మిగిలిన సబ్బు పొర నురుగుకు మొదటి శత్రువులు. వంటపాత్రలతో కలిపి అదే పీచుతో తోమిన గ్లాసుకు నూనె అంటుతుంది. తుడుపుగుడ్డ నుండి కూడా జిడ్డు చేరుతుంది. పెదవుల రంగు, నూనెలో వేయించిన తినుబండారాల జిడ్డు కూడా ఇదే పని చేస్తాయి. ముక్కు పక్కన రాసిన వేలిని నురుగుకు తాకిస్తే ఆ చోట నురుగు విరిగిపోవడం గమనించవచ్చు. చర్మంపై ఉండే కొద్దిపాటి జిడ్డు సైతం నురుగును విరిచేయగలదు.

శుభ్రతను పరీక్షించడానికి గ్లాసును నీటితో తడిపి వంచాలి. నీరు లోపలి గోడపై ఒకే పొరగా పరుచుకుంటే గ్లాసు శుభ్రమైనది. చుక్కలు చుక్కలుగా విడిపోతే జిడ్డు ఉన్నది. బీరు పోసిన తరువాత గ్లాసు గోడకు బుడగలు గుంపులుగా అంటుకొని ఉండటం కూడా గ్లాసు శుభ్రంగా లేదనడానికి గుర్తు. బీరు గ్లాసులకు వేరే పీచు వాడి, వేడినీటితో చాకలిసోడా కలిపి కడిగి, మంచినీటితో పలుమార్లు తొలిచి, తుడవకుండా బోర్లించి ఆరనివ్వాలి.

పోసే విధానం

పోసే ముందు గ్లాసును చల్లని మంచినీటితో తడపాలి. బవేరియా పద్ధతిలో అడుగున సన్నగా, పైన వెడల్పుగా ఉండే అరలీటరు బీరు పట్టే పొడవాటి గ్లాసును వంచి, బీరును గోడవెంట నెమ్మదిగా పోస్తారు. చివర కొద్దిగా మిగిల్చి, సీసాను గుండ్రంగా తిప్పి అడుగున పేరుకున్న ఈస్టును కలిపి, ఆ భాగాన్ని గ్లాసు మధ్యలో పోస్తారు. బీరు 7 నుండి 10 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండటం మంచిది. గ్లాసు అంచున నిమ్మచెక్క పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. నిమ్మతొక్కలోని నూనె నురుగును విరిచేస్తుంది.

వాయువు పరిమాణం

గోధుమ బీరులో వాయువు ఇతర బీరుల కంటే ఎక్కువ. లీటరుకు 6 నుండి 9 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. కిణ్వనం ముగిసిన బీరులో 20 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 1.7 గ్రాములు అప్పటికే కరిగి ఉంటుంది. ఒక గ్రాము పంచదార పూర్తిగా కిణ్వనం చెందితే సుమారు అరగ్రాము వాయువు వస్తుంది. లీటరుకు 7 గ్రాములు కావాలనుకుంటే లెక్క ఇలా ఉంటుంది:

అదనంగా కావలసిన వాయువు: 7 − 1.7 = 5.3 గ్రాములు
లీటరుకు కావలసిన పంచదార: 5.3 ÷ 0.5 = 10.6 గ్రాములు
20 లీటర్లకు: సుమారు 212 గ్రాములు

చక్కెరను కొద్ది నీటిలో మరిగించి, చల్లార్చి, బీరు అంతటా సమంగా కలపాలి. సమంగా కలవకపోతే ఒక సీసాలో నురుగు ఉండదు, మరొక సీసా పొంగిపోతుంది. నింపిన సీసాలను సుమారు రెండు వారాలు 20 డిగ్రీల దగ్గర ఉంచి, తరువాత కొన్ని రోజులు శీతలీకరణ పెట్టెలో ఉంచాలి. చల్లబడకముందే తెరిస్తే వాయువు బీరులో సరిగా కరగక, పెద్ద బుడగలుగా ఒక్కసారిగా వెలికి వస్తుంది.

హెచ్చరిక: ఈ స్థాయి వాయువుకు మందమైన గాజుతో చేసిన, అధిక పీడనానికి ఉద్దేశించిన సీసాలనే వాడాలి. నురుగు చాలలేదని చక్కెరను ఉజ్జాయింపుగా పెంచడం అపాయకరం. కిణ్వనం ముగియకముందే సీసాలలో నింపినా పీడనం పెరిగి సీసాలు పేలవచ్చు. గాజు ముక్కలు కళ్ళకు తగిలి శాశ్వతమైన హాని జరగవచ్చు. రెండు మూడు రోజుల వ్యవధిలో తీసిన ద్రవసాంద్రతమాపకపు కొలతలు మారకుండా ఉన్న తరువాతనే సీసాలు నింపాలి.

కిణ్వనం, ఈస్టు

గోధుమ బీరు ఈస్టు కిణ్వనకాలంలో విపరీతంగా పొంగుతుంది. పాత్రలో పైన ఖాళీ చాలకపోతే నురుగు గొట్టం గుండా బయటకు పోతుంది. మాంసకృత్తులు ఒకసారి నురుగులో చేరి ఎండిపోతే తిరిగి బీరులో సరిగా కరగవు. అలా పొంగిపోయిన నురుగుతోపాటు గ్లాసులో నిలవవలసిన నురుగు కూడా పోతుంది. కనుక పాత్రలో మూడవవంతు వరకు ఖాళీ ఉంచడం, కిణ్వనాన్ని మరీ వేడి వాతావరణంలో జరపకపోవడం మంచిది. ఒక పాత్ర నుండి మరొక పాత్రకు మార్చేటప్పుడు బీరు చిందకుండా, నురగకుండా గొట్టంతో నెమ్మదిగా దింపాలి.

బలహీనపడిన లేదా చనిపోతున్న ఈస్టు కణాల నుండి ప్రోటీనేజ్-ఏ అనే ఎంజైము విడుదలవుతుంది. ఇది ఎల్‌టీపీ1 వంటి మాంసకృత్తులను ముక్కలు చేస్తుంది. పాశ్చరీకరణలో వేడికి ఈ ఎంజైము నిర్వీర్యమవుతుంది. ఇంటి బీరును సాధారణంగా పాశ్చరీకరించరు, పైగా హెఫెవైట్సెన్ సీసాలో ఈస్టు ఉండనే ఉంటుంది. అందువలన మొదటి నెలలో చక్కగా నిలిచిన నురుగు మూడు నాలుగు నెలల తరువాత అదే తయారీకి చెందిన సీసాలలో నిలవకపోవచ్చు. దీనికి విరుగుడు ఆరోగ్యవంతమైన ఈస్టును తగినంత వాడటం, సీసాలను చల్లని చోట ఉంచడం, బీరును తాజాగా ఉండగానే వాడటం.

మరిగించుట, హాప్స్

మరిగించినప్పుడు కొన్ని మాంసకృత్తులు గడ్డకట్టి అడుగుకు చేరతాయి. ఎల్‌టీపీ1 మాత్రం వేడికి విప్పారి, నురుగునిచ్చే గుణాన్ని ఎక్కువగా పొందుతుంది. కనుక మరిగించడం అవసరమే. అవసరానికి మించి గంటల తరబడి మరిగిస్తే నురుగునిచ్చే మాంసకృత్తులు తగ్గుతాయి. మరిగించిన తరువాత అడుగున చేరిన మడ్డిలో కొవ్వు పదార్థాలు ఉంటాయి. దానిని కదపకుండా పైనున్న వర్ట్‌ను మాత్రమే తీసుకోవాలి.

గోధుమ బీరులో హాప్స్ తక్కువగా వాడతారు. పూర్తిగా మానివేస్తే మాత్రం మాంసకృత్తుల పొరకు బిగువు ఉండదు. గ్లాసు గోడకు నురుగు వలయాలు ఏర్పడకపోవడం తక్కువ హాప్స్‌కు గుర్తు కావచ్చు.

మాషింగ్

పాత పుస్తకాలలో 50 డిగ్రీల దగ్గర అరగంట లేదా అంతకంటే ఎక్కువసేపు ఆపే "ప్రోటీన్ విరామం" తరచుగా కనిపిస్తుంది. ఆ కాలపు మాల్టులో మొలకెత్తే దశలోనే జరగవలసిన మార్పు పూర్తిగా జరిగేది కాదు, అందుచేత ఆ విరామం అవసరమయ్యేది. నేటి మాల్టులలో ఆ మార్పు చాలావరకు ముందే పూర్తవుతుంది. అటువంటి మాల్టును 50 డిగ్రీల వద్ద ఎక్కువసేపు ఉంచితే నురుగుకు పనికివచ్చే మాంసకృత్తులు కూడా చిన్న ముక్కలై నిరుపయోగమవుతాయి. నురుగు లేని గోధుమ బీరుకు ఇది ముఖ్యమైన కారణాలలో ఒకటి.

లవంగపు వాసన కోసం 43 నుండి 45 డిగ్రీల వద్ద పది పదిహేను నిమిషాలు ఆపుతారు. తరువాత 50 డిగ్రీల ప్రాంతాన్ని త్వరగా దాటించి 62 నుండి 68 డిగ్రీల మధ్య చక్కెర తయారయ్యే దశకు చేర్చాలి. చివరగా 72 డిగ్రీల వద్ద కొంతసేపు ఉంచడం నురుగుకు మేలు చేస్తుందని తయారీదారుల అనుభవం.

గోధుమకు బార్లీ వలె పొట్టు ఉండదు. అందువలన వడపోత మూసుకుపోతుంది. విసుగుతో పిప్పిని పిండితే, లేదా చివరి పలుచని మురికి రసాన్ని కూడా చేర్చితే, గింజ కొవ్వులు వర్ట్‌లోకి వస్తాయి. ఊక కలిపి వడపోతను సులభం చేసుకోవడం, మొదట వచ్చే మురికి రసాన్ని తిరిగి పిప్పిపై పోసి తేటపరచడం మేలు.

ధాన్యం

పై దశలన్నీ సరిగా ఉన్న తరువాత మాత్రమే ధాన్యాన్ని అనుమానించాలి. మాల్టులో గోధుమ 50 నుండి 70 శాతం ఉంటే చాలు. చక్కెర లేదా మాంసకృత్తులు లేని ఇతర పిండిపదార్థాలు ఎక్కువగా చేర్చితే నురుగునిచ్చే పదార్థాల పాలు తగ్గుతుంది. కొబ్బరి, కోకో, గింజపప్పులు వంటి నూనె గల పదార్థాలను చేర్చితే నురుగు దెబ్బతింటుంది. గోధుమ పాలును ఇంకా పెంచితే వడపోత కష్టమవుతుందే కాని, సబ్బు అంటిన గ్లాసులో ఆ నురుగు కూడా నిలవదు.

లక్షణాలు, సంభావ్య కారణాలు

నురుగు అసలు రాకపోవడం: చక్కెర తక్కువ, మూత వదులు, లేదా సీసాలను చల్లని చోట ఉంచడం వలన రెండవ కిణ్వనం జరగకపోవడం.

ఎత్తుగా వచ్చి వెంటనే పడిపోవడం: గ్లాసులో జిడ్డు లేదా సబ్బు. గ్లాసు శుభ్రమైనదైతే దీర్ఘమైన ప్రోటీన్ విరామం లేదా వర్ట్‌లో కొవ్వు.

పెద్ద పెద్ద బుడగలతో పలుచని నురుగు: బీరు వెచ్చగా ఉండటం, లేదా చల్లబరచకముందే తెరవడం.

మొదట బాగుండి నెలల తరువాత తగ్గడం: ఈస్టు నుండి వచ్చిన ప్రోటీనేజ్-ఏ, వెచ్చని నిల్వ.

ఒకే తయారీలో సీసా సీసాకు తేడా: చక్కెర సమంగా కలవకపోవడం, కొన్ని సీసాలు సరిగా కడగకపోవడం.

గ్లాసు గోడకు వలయాలు లేకపోవడం: హాప్స్ తక్కువ, లేదా గ్లాసు శుభ్రంగా లేకపోవడం.

ఒకేసారి పలు మార్పులు చేయరాదు. ఒక్కొక్క తయారీలో ఒక్క అంశాన్ని మాత్రమే మార్చి, నురుగు సగానికి తగ్గే సమయాన్ని పోల్చి చూడాలి.

కోబాల్టు ఉదంతం

నురుగు లోపాన్ని మూలంలో కాక మరొక చోట సరిదిద్దబోయిన ఒక ప్రయత్నం విషాదానికి దారితీసింది. కృత్రిమ డిటర్జెంట్ల వాడుక పెరిగిన తరువాత, గ్లాసులలో మిగిలిన వాటి అవశేషాల వలన బీరు నురుగు విరిగిపోవడం ఎక్కువైంది. దీనికి పరిష్కారంగా 1960వ దశకంలో కొందరు తయారీదారులు బీరులో స్వల్ప పరిమాణంలో కోబాల్టు లవణాలను కలిపారు. నురుగు నిలిచింది. కాని 1965-66లో కెనడాలోని క్విబెక్ నగరంలో బీరు అధికంగా తాగేవారిలో తీవ్రమైన గుండె కండర వ్యాధి కనిపించింది. సుమారు 50 మంది వ్యాధిగ్రస్తులు కాగా, వారిలో 20 మంది మరణించారు. అమెరికాలోని ఒమాహాలో, బెల్జియంలోని లూవెన్‌లో కూడా ఇటువంటి కేసులు నమోదయ్యాయి. పోషకాహారలోపం, అధిక మద్యపానం కోబాల్టు ప్రభావాన్ని తీవ్రం చేశాయని తరువాత వైద్యులు భావించారు. అమెరికా ప్రభుత్వం 1966లో బీరులో కోబాల్టు వాడకాన్ని నిషేధించింది.

లోపం గ్లాసు కడిగే విధానంలో ఉండగా, మందు బీరులో వేశారు. నురుగు సమస్యను గ్లాసు నుండి పరిశీలించడం ఎందుకు అవసరమో ఈ ఉదంతం తెలుపుతుంది. సముద్రపు నాచు నుండి తయారయ్యే ప్రొపిలీన్ గ్లైకాల్ ఆల్జినేట్ అనే పదార్థాన్ని కొన్ని దేశాలలో నురుగు స్థిరీకారకంగా అనుమతిస్తారు. జర్మనీ సంప్రదాయ నియమాల ప్రకారం చేసే బీరులో ఇది వాడరు.

చట్టపరమైన అంశాలు

ఇంటివద్ద బీరు తయారీ అన్ని దేశాలలో చట్టసమ్మతం కాదు. బ్రిటన్‌లో సొంత వాడుకకు లైసెన్సు అవసరాన్ని 1963లో తొలగించారు. అమెరికాలో ఇంటి తయారీపై సమాఖ్య పన్నును తొలగించే చట్టంపై అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1978లో సంతకం చేశాడు. అయినను అక్కడ రాష్ట్రాల నియమాలు వేరుగా ఉంటాయి. అలబామా, మిసిసిపి రాష్ట్రాలు 2013లో మాత్రమే దీనిని అనుమతించాయి.

భారత రాజ్యాంగం ప్రకారం మద్యం రాష్ట్ర జాబితాలోని అంశం. 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం లైసెన్సు లేని మద్యం తయారీని నేరంగా పరిగణిస్తుంది. 2014లో రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ కూడా ఈ చట్టాన్ని తనకు అన్వయించుకున్నది. కనుక ఈ రెండు రాష్ట్రాలలో సొంత వాడుకకైనా ఇంట్లో బీరు తయారు చేయరాదు. హైదరాబాదు వంటి నగరాలలో లైసెన్సు పొందిన మైక్రోబ్రూవరీలలో మాత్రం గోధుమ బీరు తయారవుతుంది. విదేశాలలో నివసించే తెలుగువారు తాము ఉన్న దేశపు, రాష్ట్రపు నియమాలను తెలుసుకొని మాత్రమే ఇంటి తయారీకి పూనుకోవాలి.